ఒకే పేరు, రెండు కార్డులు: ఒక తారతమ్య పరిశీలన

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీ నగర్ వరకు రోడ్డుకు రెండు పక్కలా ఉన్న గల్లీల్లో హాస్టళ్ళు ఎన్ని ఉన్నాయో, కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. ఆ హాస్టలు గదుల్లో మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న కంప్యూటర్లూ తక్కువేం కాదు. చాలావరకు చదువు పేరు చెప్పి ఇంటి నుంచి డబ్బు తెప్పించి కొన్నవే. చదువు కోసం కొన్న యంత్రం మీద సాయంత్రం పూట కాసేపు ఆట ఆడాలనిపించడం ఆ వయసుకు సహజం. దాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం పని కాదు. ఐతే ఆట సాఫీగా నడవాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి. చేతిలో ఉండే డబ్బేమో ఒకటి రెండు నెలల మెస్ బిల్లుకు మించి ఉండదు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాదు చేరి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళామనుకోండి. లేదా మన కొత్తపేట, చైతన్యపురి వైపే పాత కంప్యూటర్ సామాను అమ్మే చోటికి వెళ్ళామనుకోండి. మన బడ్జెట్ చెప్పగానే బల్ల మీదికి రెండు అట్టపెట్టెలు వస్తాయి. రెండింటి మీదా ఒకటే పేరు, ఒకటే అంకె. ఒకదాని ధర కాస్త తక్కువ. ఎందుకని అడిగితే, "రెండూ ఒక్కటే తమ్మీ, ఇది జర అగ్గువ, అంతే" అనే జవాబు ఎక్కడైనా వినవచ్చు. చెప్పేవాడు అబద్ధం చెబుతున్నాడని అనలేం. పెట్టె మీద ఉన్న పేరు చూసి చెబుతున్నాడు, అంతే. ఆ పేరే మనల్ని ఎంతవరకు మోసం చేయగలదో లెక్క కట్టి చూద్దాం.

పరిశీలనకు రెండు జతలు తీసుకుంటాను. రెండూ ఎన్విడియా సంస్థవే. మొదటి జత జీటీ 1030. ఇది 2017 మే నెలలో జీడీడీఆర్ 5 అనే రకం మెమరీతో వచ్చింది. 2018 మార్చిలో అదే పేరుతో మామూలు డీడీఆర్ 4 మెమరీ పెట్టిన మరో రకం బజారులోకి వచ్చింది. రెండో జత జీటీఎక్స్ 1650. ఇది 2019 ఏప్రిల్‌లో జీడీడీఆర్ 5 తోనూ, సరిగ్గా ఏడాది తర్వాత 2020 ఏప్రిల్‌లో జీడీడీఆర్ 6 తోనూ వచ్చింది. తమాషా ఏమిటంటే మొదటి జతలో తరువాత వచ్చినది ముందుదానికంటే నాసి. రెండో జతలో తరువాత వచ్చినదే మెరుగు. పేరు మాత్రం రెండు చోట్లా చెక్కుచెదరలేదు.

వంటశాల, సామాన్ల గది, మధ్యలో సందు

లెక్కల్లోకి వెళ్ళేముందు కార్డు లోపల ఏం జరుగుతుందో స్థూలంగా తెలుసుకోవాలి. ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది పాత పాఠమే. మిగతావారి కోసం ఒక పోలిక చెబుతాను.

పెద్ద హాస్టలు మెస్ ఒకటి ఊహించుకోండి. వంటశాలలో వంటవాళ్ళుంటారు. వెనక సామాన్ల గది ఉంటుంది. ఆ గదికీ వంటశాలకూ మధ్య ఒక సందు ఉంటుంది. బియ్యం, పప్పు, కూరగాయలు ఆ సందులోంచే రావాలి. వండిన గిన్నెలు కూడా ఆ సందులోంచే వెనక్కి వెళ్ళాలి. గ్రాఫిక్స్ కార్డులో వంటవాళ్ళంటే చిప్పులోని లెక్కచేసే కోర్లు. సామాన్ల గది అంటే కార్డు మీది మెమరీ. రెండు జీబీ, నాలుగు జీబీ అని పెట్టె మీద పెద్దక్షరాలతో వేసేది ఆ గది వైశాల్యమే. సందు గురించి పెట్టె మీద ఎక్కడో చిన్నక్షరాలతో ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. కాని ఆట ఎంత వేగంగా నడుస్తుందనేది చాలాసార్లు ఆ సందు మీదే ఆధారపడి ఉంటుంది.

సందు సామర్థ్యం రెండు సంగతుల మీద ఉంటుంది: దాని వెడల్పు, అందులో నడిచే బండ్ల వేగం. వెడల్పును బిట్లలో చెబుతారు, దానికి మెమరీ బస్ అని పేరు. (ఇది మన ఆర్టీసీ బస్సు కాదు గాని, ఇరుకుగా ఉంటే కలిగే బాధ ఒకటే.) వేగాన్ని ఒక్కో తీగ మీద సెకనుకు ఎన్ని గిగాబిట్లు పోతాయో చెప్పే అంకెతో కొలుస్తారు. రెండింటినీ గుణించి 8 తో భాగిస్తే సెకనుకు ఎన్ని గిగాబైట్లు రవాణా అవుతాయో వస్తుంది. ఇంటర్మీడియట్ కూడా అక్కర్లేదు, ఏడో తరగతి లెక్క.

జీటీ 1030 లో బస్ వెడల్పు రెండు రకాలలోనూ 64 బిట్లే. జీడీడీఆర్ 5 రకంలో తీగ వేగం 6 గిగాబిట్లు. 64 ను 6 తో గుణించి 8 తో భాగిస్తే 48. అంటే సెకనుకు 48 గిగాబైట్లు. డీడీఆర్ 4 రకంలో తీగ వేగం 2.1 గిగాబిట్లు మాత్రమే. అదే లెక్క వేస్తే 16.8 గిగాబైట్లు. నూరు బండ్లు నడిచే సందులో ముప్ఫై ఐదు బండ్లు నడుస్తున్నాయన్నమాట.

ఈ 16.8 ఎంత తక్కువో తెలియాలంటే మన కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఉండే మామూలు ర్యామ్‌తో పోల్చి చూడండి. 2400 వేగం గల డీడీఆర్ 4 ర్యామ్ కర్ర ఒక్కటి సెకనుకు 19.2 గిగాబైట్లు ఇస్తుంది. ఆట కోసమని ప్రత్యేకంగా డబ్బు పోసి కొన్న కార్డులోని సందు, ఊరికే గూట్లో కూర్చున్న ఒక్క ర్యామ్ కర్ర కంటే ఇరుకు! దీన్ని గ్రాఫిక్స్ కార్డు అనడం కన్నా తెర వెలిగించే పరికరం అనడం న్యాయం. రెండో మానిటర్ పెట్టుకోవడానికో, సినిమా చూడడానికో అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. విద్యుత్తు కూడా జీడీడీఆర్ 5 రకం 30 వాట్లు తీసుకుంటే ఇది 20 వాట్లే తీసుకుంటుంది. గొడవంతా ఆట దగ్గరే.

మరి వంటవాళ్ళ సంగతి? రెండు జీటీ 1030 లలోనూ కోర్లు 384. బూస్ట్ వేగం జీడీడీఆర్ 5 రకంలో 1468 మెగాహెర్ట్‌జ్, డీడీఆర్ 4 రకంలో 1379. తేడా ఆరు శాతం. అంటే వంటవాళ్ళు దాదాపు సమానమే. దుకాణంలో చెప్పే "రెండూ ఒక్కటే" అన్న మాటకు ఏదైనా ఆధారం ఉంటే అది ఇక్కడే ఉంది: చిప్పు ఒకటే, కోర్లు ఒకటే, రెండు జీబీలూ ఒకటే. సందు మాత్రం మూడో వంతుకు పడిపోయింది.

ఫలితం ఊహించవచ్చు. 2018 లో గేమర్స్ నెక్సస్ అనే అమెరికా పరీక్షక సంస్థ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. చాలా ఆటల్లో డీడీఆర్ 4 రకం వేగం రెండోదానిలో సగం దరిదాపుల్లోకి దిగిపోయింది. ఆ పరీక్షకు వాళ్ళు పెట్టిన శీర్షికలోనే ఈ కార్డును సిగ్గుచేటు అన్నారు. నాకైతే ఆ మాట కొంచెం ఘాటుగా తోచింది. సిగ్గుపడవలసింది కార్డు కాదు, దానికి పెట్టిన పేరు. జీటీ 1020 అని పేరు పెట్టి ఉంటే ఎవ్వరికీ ఫిర్యాదు ఉండేది కాదు.

ఇరవై మూడు అనే అంకె

ఇప్పుడు రెండో జత. జీటీఎక్స్ 1650 లో బస్ 128 బిట్లు, కోర్లు 896. జీడీడీఆర్ 5 రకంలో తీగ వేగం 8 గిగాబిట్లు కనక రవాణా సెకనుకు 128 గిగాబైట్లు. జీడీడీఆర్ 6 రకంలో తీగ వేగం 12, రవాణా 192. ఒక్కసారిగా యాభై శాతం పెరిగింది. బూస్ట్ వేగం మాత్రం 1665 నుంచి 1590 కి కొంచెం తగ్గించారు. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్ల హద్దు దాటకుండా ఉండడానికే కావచ్చు.

సందు యాభై శాతం వెడల్పయింది కదా, ఆట వేగం కూడా యాభై శాతం పెరిగిందా? లేదు. పరీక్షించినవారికి సుమారుగా ఐదు నుంచి పది శాతం వరకే తేడా కనిపించింది. మొదటి జతలో సందు 65 శాతం తగ్గితే వేగం సగానికి పడిపోయింది; రెండో జతలో సందు యాభై శాతం పెరిగితే వేగం ఇంత చిన్న పిసరే పెరిగింది. ఇది ఎందుకు?

దీనికి జవాబు ఒక చిన్న భాగహారంలో ఉంది. ఒక్కో కోరూ ఒక టిక్కుకు రెండు లెక్కలు చేస్తుందని తయారీదారులు లెక్కిస్తారు. కనక కోర్ల సంఖ్యను రెండుతో, బూస్ట్ వేగంతో గుణిస్తే సెకనుకు గరిష్ఠంగా ఎన్ని లెక్కలు చేయగలదో వస్తుంది. దాన్ని మెమరీ రవాణాతో భాగిస్తే, సందులోంచి వచ్చే ఒక్కో బైటుకు వంటవాళ్ళు ఎన్ని లెక్కలు చేయగలరో తెలుస్తుంది.

జీటీ 1030 జీడీడీఆర్ 5 కు ఈ లెక్క వేస్తే: సెకనుకు 1127 గిగా లెక్కలు, 48 గిగాబైట్లు. భాగిస్తే 23 చిల్లర.

జీటీఎక్స్ 1650 జీడీడీఆర్ 5 కు: 2984 భాగించు 128. మళ్ళీ 23 చిల్లర!

తరం వేరు, చిప్పు వేరు, ధర వేరు. అంకె మాత్రం ఒకటే. ఇది కాకతాళీయమా అని మరికొన్ని వేసి చూడండి. 2016 జులైలో వచ్చిన జీటీఎక్స్ 1060 ఆరు జీబీ రకం: 1280 కోర్లు, 1708 మెగాహెర్ట్‌జ్, 192 గిగాబైట్లు. వచ్చేది 22.8. 2019 నవంబరులో వచ్చిన జీటీఎక్స్ 1650 సూపర్: 1280 కోర్లు, 1725 మెగాహెర్ట్‌జ్, 192 గిగాబైట్లు. వచ్చేది 23. ఇదేదో ప్రకృతి సూత్రమని నేను అనను. జీటీఎక్స్ 1050 టీఐకి వేస్తే 19 వస్తుంది, 1070 కి వేస్తే 25 వస్తుంది. కాని ఆ కాలపు ఆటలకు, ఆ కాలపు చిప్పులకు, వంటవాళ్ళకూ సందుకూ మధ్య పొత్తు కుదిరే చోటు ఇరవై చిల్లరలో ఉందని ఆ ఇంజనీర్లకు తెలుసునన్నమాట. వాళ్ళు గీసిన గీత అది.

ఇప్పుడు మన రెండు జతల్లో మిగిలినవి చూడండి. జీటీ 1030 డీడీఆర్ 4: 1059 భాగించు 16.8, అంటే 63. ఒక్కో బైటు మీద 63 లెక్కలు చేయగల వంటవాళ్ళున్నారు గాని, ఆట అన్ని లెక్కలు అడగదు. కాబట్టి వాళ్ళు చేతులు కట్టుకుని సందు వైపు చూస్తూ నిలబడతారు. జీటీఎక్స్ 1650 జీడీడీఆర్ 6: 2849 భాగించు 192, అంటే 15 కంటే కొంచెం తక్కువ. ఇక్కడ సామాను పుష్కలంగా వచ్చి పడుతోంది, వండేవాళ్ళు చాలడం లేదు. సూపర్ కార్డుకు వేసిన వెడల్పాటి సందును మామూలు కార్డుకు తగిలించారు. అదే సందుకు 1280 కోర్లు తగిలిస్తే అది సూపర్ అయింది, వేగమూ దండిగా పెరిగింది.

అంచేత తారతమ్యం చూసేటప్పుడు "ఏది ఎక్కువ" అని కాదు, "ఏది ముందు అడ్డుపడుతుంది" అని అడగాలి. అడ్డుపడేదాన్ని తగ్గిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. అడ్డుపడనిదాన్ని ఎంత పెంచినా లాభం అంతంతమాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ భాగహారాన్ని ఒకే తరం కార్డులకే వాడాలి. 2023 మేలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 టీఐకి బస్ 128 బిట్లే, రవాణా 288 గిగాబైట్లే. దానికి ముందు తరం 3060 టీఐకి బస్ 256 బిట్లు, రవాణా 448. అంకెలు చూసి 4060 టీఐ నాసిరకమని తేల్చేస్తే పొరపాటే. దాని చిప్పులోనే 32 ఎంబీ క్యాష్ మెమరీ ఉంది. 3060 టీఐలో అది 4 ఎంబీ. క్యాష్ అంటే వంటశాలలోనే గోడకు కొట్టిన అల్మరా అనుకోండి. మాటిమాటికీ కావలసిన పోపు దినుసులు అక్కడే ఉంటే సామాన్ల గదికి పోయే పని తగ్గుతుంది. ఐనా పెద్ద రెజల్యూషన్లలో ఆ అల్మరా చాలక సందు ఇరుకు మళ్ళీ బయటపడుతుంది.

గది వైశాల్యం గురించి కొంచెం

మెమరీ ఎన్ని జీబీలు అన్నది కూడా ముఖ్యమే గాని, దాని స్వభావం వేరు. సామాను గదిలో పట్టినంతసేపు గది చిన్నదైనా పెద్దదైనా తేడా కనపడదు. పట్టకపోతే మాత్రం ఒక్కసారిగా ఆట కుదుపులు మొదలుపెడుతుంది; ఎందుకంటే మిగతా సామాను కోసం వీధి చివరి కొట్టుకు, అంటే కంప్యూటర్ ర్యామ్ దాకా పోవలసి వస్తుంది. 4060 టీఐనే ఎనిమిది జీబీలతోనూ, 2023 జులైలో పదహారు జీబీలతోనూ అమ్మారు. చిప్పూ సందూ రెండింటిలోనూ ఒకటే. కనక చాలా ఆటల్లో రెండూ సమానం. ఎనిమిది జీబీలు నిండే ఆటల్లో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇందుకు భిన్నం 1060 కథ. మూడు జీబీలు, ఆరు జీబీలు అని రెండు రకాలు అమ్మారు. వినేవాడు తేడా మెమరీలోనే అనుకుంటాడు. నిజానికి మూడు జీబీల దానిలో కోర్లు కూడా 1280 నుంచి 1152 కి తగ్గించారు. పెట్టె మీద ఆ మాట పెద్దగా ఎక్కడా లేదు.

కార్డు కొనక్కర్లేని జత

ఈ చర్చలో మన హాస్టలు విద్యార్థికి అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇదని నా ఉద్దేశం. 2018 ఫిబ్రవరిలో ఏఎమ్‌డీ సంస్థ రైజెన్ 3 2200జీ అనే ప్రాసెసర్ విడుదల చేసింది. (ఎన్విడియాకూ ఏఎమ్‌డీకీ కూడా మన హైదరాబాదులో కార్యాలయాలున్నాయి. మన సీనియర్లలో కొందరు అక్కడే ఉద్యోగం చేస్తుండవచ్చు. వాళ్ళు ఈ వ్యాసంలోని అంకెలు సరిచూస్తే సంతోషం.) ఆ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ భాగం ఉంది: 512 కోర్లు, 1100 మెగాహెర్ట్‌జ్. గుణిస్తే 1126 గిగా లెక్కలు. జీటీ 1030 కి 1127 వచ్చిందని గుర్తుండే ఉంటుంది. దానికి 2933 వేగం గల ర్యామ్ కర్రలు రెండు, రెండు ఛానెళ్ళలో పెడితే 46.9 గిగాబైట్ల రవాణా వస్తుంది. భాగిస్తే 24. అంటే కార్డేమీ కొనకుండానే జీటీ 1030 జీడీడీఆర్ 5 తో దాదాపు భుజం కలిపి నిలబడే సరంజామా అది. ఆ రవాణాలో కొంత ప్రాసెసర్‌కు కూడా పంచవలసి ఉంటుందన్నది నిజమే.

ఐతే బజారులో సిద్ధంగా అమ్మే చవక కంప్యూటర్లలో తరచు ఒక్క ర్యామ్ కర్రే పెడతారు. ఎనిమిది జీబీలు అని రాసి ఉంటుంది, ఎనిమిదీ ఒక్క కర్ర మీదే ఉంటాయి. అప్పుడు సందు సగమై 23.5 గిగాబైట్లకు దిగిపోతుంది. అలాంటి కంప్యూటర్ ఉన్నవాళ్ళు కార్డు కోసం బజారుకు పోయేముందు పెట్టె విప్పి ర్యామ్ గూళ్ళు చూడాలి. ఒకటి ఖాళీగా ఉంటే అదే వేగం గల కర్ర ఇంకొకటి వేస్తే చాలు, ఆట వేగం గణనీయంగా పెరుగుతుంది. చదువుకు కూడా ర్యామ్ పెరిగినట్టవుతుంది. నాన్నగారికి లెక్క చెప్పుకోవడమూ సులువే.

ఫ్రేముల లెక్క, సగటు అనే మాయ

ఇంతవరకు కాగితం మీది లెక్కలు. రెండు కార్డులు చేతికొస్తే వాటిని తూచడం ఎలా?

తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే కంటికి సాఫీగా ఉంటుంది. అంటే ఒక్కో బొమ్మకు, దీన్నే ఫ్రేము అంటారు, 16.7 మిల్లీసెకన్ల గడువు. 1920 బై 1080 తెర మీద చుక్కలు 20,73,600. ఆ గడువులో జీటీ 1030 డీడీఆర్ 4 సందులోంచి 280 మెగాబైట్లే పోగలవు. జీడీడీఆర్ 5 ఐతే 800. ఒక్కో చుక్క రంగు రాయడానికి నాలుగు బైట్లనుకుంటే ఎనిమిది మెగాబైట్లు చాలు కదా అనిపించవచ్చు. కాని ఒకే చుక్కను ఆట పదేపదే రాస్తుంది, చెరుపుతుంది. ఏది ముందుందో ఏది వెనకుందో చూడడానికి లోతు అంకెలు చదువుతుంది. గోడల మీది, గడ్డి మీది టెక్స్చర్లు చదువుతుంది. నీడలకు మళ్ళీ వేరే పటం. ఇలా ఖర్చు గుణింతాల మీద పెరుగుతుంది. తెరను 1280 బై 720 కి తగ్గిస్తే చుక్కలు 9,21,600 అవుతాయి, అంటే పూర్వపు వాటిలో 44 శాతం. ఇరుకు సందు కార్డుకు ఇది చాలా ఊరట.

ఇందులోనే ఒక మంచి పరీక్ష దాగి ఉంది. రెజల్యూషన్ తగ్గించినప్పుడు ఫ్రేములు బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గరుందన్నమాట. పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గరుంది. అప్పుడు ఏ కార్డు మార్చినా ఒరిగేదేమీ లేదు. బజారుకు పోయేముందు ఈ ఒక్క పరీక్ష చేసుకుంటే సగం మందికి ప్రయాణమే తప్పుతుందని నా అనుమానం.

ఇక సగటు సంగతి. రెండు కార్డులు నూరేసి ఫ్రేములు గీశాయనుకుందాం. మొదటిది ప్రతి ఫ్రేమునూ 11 మిల్లీసెకన్లలో గీసింది, మొత్తం 1100. రెండోది 99 ఫ్రేములను పదేసి మిల్లీసెకన్లలో గీసి, ఒక్కదాని దగ్గర 110 మిల్లీసెకన్లు నీలిగింది. మొత్తం మళ్ళీ 1100. సగటు రెండింటికీ సెకనుకు 91 ఫ్రేములే. కాని రెండోదానిలో ఎదుటివాడు మూల తిరిగిన క్షణాన తెర గడ్డకట్టుకుపోతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ళకు దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. అంచేత పరీక్ష చేసేవారు సగటుతో పాటు అతి నెమ్మదైన ఒక్క శాతం ఫ్రేముల వేగాన్ని కూడా చూస్తారు. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ రెండు అంకెలూ ఇస్తుంది. సగటు మాత్రమే చెప్పే వీడియో చూసి కార్డు కొనడం, మార్కుల సగటు చూసి కాలేజీలో చేరడం లాంటిదే.

పరీక్ష చేసేటప్పుడు యంత్రం ఒకటే ఉండాలి, ఆటలోని ఘట్టం ఒకటే ఉండాలి, సెట్టింగులు ఒకటే ఉండాలి. వీ-సింక్ ఆపివేయాలి, లేకపోతే రెండు కార్డులూ 60 దగ్గరే ఆగి సమానంగా కనబడతాయి. జీటీఏ 5 లో పరీక్ష ఘట్టం ఆటలోనే ఇచ్చారు, అది అందరికీ సులువు. మొదటిసారి వచ్చిన అంకెలు వదిలేసి తర్వాత మూడుసార్లు నడిపి చూడాలి. పరీక్ష రెండు నిమిషాలతో ఆపకూడదు. మే నెలలో మూడో అంతస్తు రేకుల గదిలో అరగంట ఆడాక కార్డు వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చల్లటి గదిలో తీసిన విదేశీ అంకెలు వనస్థలిపురం రేకుల షెడ్డుకు వర్తించవు.

ఏ ఆటకు ఎంత కావాలో కూడా చూసుకోవాలి. వాలరెంట్‌కు తయారీదారులు సిఫారసు చేసిన కార్డు జీటీ 730. ఆ ఒక్క ఆట కోసమే ఐతే ఈ రెండు జతల్లో దేనికోసమూ అప్పు చేయక్కర్లేదు.

కొనేచోట

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు దాన్ని యంత్రంలో పెట్టించి జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ నడిపించమని అడగాలి. మెమరీ రకం, బస్ వెడల్పు, రవాణా, కోర్ల సంఖ్య అన్నీ ఒకే కిటికీలో కనబడతాయి. జీటీ 1030 ఐతే రవాణా గడిలో 48 ఉందా, 16.8 ఉందా చూడాలి. 1650 ఐతే 128 ఉందా, 192 ఉందా చూడాలి. పాత చిప్పుకు కొత్త పేరు వచ్చేలా లోపలి బయోస్ మార్చి అమ్మిన నకిలీ కార్డులు కూడా ఒకప్పుడు బాగా తిరిగాయి. 2018 నుంచి ఆ ప్రోగ్రామ్ అలాంటివాటిని గుర్తుపట్టి పేరు ముందు నకిలీ అని చూపిస్తోంది. యంత్రంలో పెట్టి చూపించడానికి ఒప్పుకోకపోతే ఇంకో కొట్టు చూసుకోవడం మేలు.

ఇంకొక్క మాట. జీటీ 1030, 1060 లు పాస్కల్ తరానివి. వాటికి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేస్తామని ప్రకటించింది. 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రం మూడు నెలలకోసారి ఇస్తామంది. 1650 దాని తర్వాతి ట్యూరింగ్ తరానిది కనక ఆ జాబితాలో లేదు. పాత ఆటలే ఆడేవారికి ఇది పెద్ద చిక్కు కాదు. కాని ధర దగ్గర బేరమాడేటప్పుడు నోట్లో ఉండవలసిన మాట.

కొత్త కార్డు కొంటే పద్దెనిమిది శాతం జీఎస్టీ కట్టే కొంటున్నాం కాబట్టి బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లు మీద ఉత్త పేరూ జీబీలూ రాస్తే సరిపోదు. "జీడీడీఆర్ 5" అనో "జీడీడీఆర్ 6" అనో మెమరీ రకం కూడా రాయించాలి, పెట్టె మీది మోడల్ నంబరుతో సహా. రేపు తేడా వచ్చి కార్డు వాపసు తీసుకుపోతే చూపించడానికి మన చేతిలో ఉండేది ఆ ఒక్క లైనే.